చాచాకు చేరాల్సిన నీళ్లు

2022 ఎండాకాలం. ఒమన్ దేశంలో తూర్పు వైపు ఇసుక దిబ్బల నడుమ ఒక బదూ కుటుంబం దగ్గర నేను పని చేస్తున్నాను. బదూలంటే ఒంటెలు, మేకలు పెంచుకుంటూ ఎడారిలోనే బతికేవాళ్లు. వంటమనిషి వీసా మీద పోయాను. కానీ అక్కడ నేను ఎక్కువకాలం చేసిన పని, ఇసుకలో దిగబడిన బండ్లను బయటికి తీయడం. దాన్ని అక్కడ రికవరీ అంటారు. ఇప్పుడు సిద్దిపేటలో ఎవరైనా అడిగి, నేను ఈ మాట చెబితే, బ్యాంకు వాళ్ల తరఫున అప్పులు వసూలు చేసేదాన్నని అనుకుంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా యజమానురాలిని అందరూ ఉమ్ సాలిం అనేవారు, అంటే సాలిం తల్లి అని. ఆ దిబ్బల్లో మగవాళ్లు పట్నాల్లో కొలువులు చేస్తుంటే, ఆడవాళ్లే పికప్ బండ్లు నడిపి నీళ్లు, గడ్డి తెచ్చుకుంటారు. ఉమ్ సాలిం ముఖం మీది ముసుగు కదలకుండానే పికప్‌ను దిబ్బ కొసకు ఎక్కించేది. సరదాకు వచ్చి ఇసుకలో ఇరుక్కున్న విదేశీయులు, దారి తప్పిన లారీలవాళ్లు ఆమెకే ఫోన్ చేసేవారు. మొదట నేను పార పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు ఆమె కిందికి దిగి, "ఈసారి నువ్వు గుంజు, నేను తవ్వుతా" అంది. అట్లా నేర్చుకున్నాను. నాకు లైసెన్సు లేదు. ఇసుకలో ఎవరూ అడగరు. తారురోడ్డు మొదలయ్యేచోట దిగి స్టీరింగ్ ఆమెకు ఇచ్చేదాన్ని.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. మాది చిన్నకోడూరు దగ్గర. నా భర్త భివండి మగ్గాల మీదికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. ఒమన్ పోయినప్పుడు నన్ను సాగనంపడానికి ఏజెంటు తప్ప ఎవరూ రాలేదు. అప్పటికి నాకు చదవడం, రాయడం రాదు. తిరిగొచ్చాక సిద్దిపేటలో కిరాయి గదిలో ఉంటూ, సాయంత్రాలు పెద్దల తరగతికి పోయి నేర్చుకున్నాను.

ఎడారిలో బండి నడపడం గురించి కొంచెం చెప్పాలి. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తీసేయాలి. డిఫ్లేట్ చేయడం అంటారు. గాలి తగ్గితే టైరు ఒంటె పాదంలాగా వెడల్పుగా పరుచుకుంటుంది, బండి ఇసుక మీద తేలినట్టు పోతుంది. పొద్దున్నే ఇసుక గట్టిగా ఉంటుంది, ఎండ ముదిరితే వదులవుతుంది. ప్రతి దిబ్బకూ రెండు పక్కలు. గాలి కొట్టే పక్క గట్టిది. రెండోది స్లిప్ ఫేస్, అంటే ఇసుక జారి పడే నిట్టనిలువు వాలు. దాని మీదుగా దిగొచ్చు కానీ తిరిగి ఎక్కలేము. ఒక్క బండి మీద ఒంటరిగా పోయినప్పుడు అట్లాంటి వాలు దిగకూడదు. ఇది ఉమ్ సాలిం పెట్టిన నియమం.

ఆ రోజు ఆమె ఇంట్లో లేదు. బిడ్డ కాన్పు అని పట్నం పోయింది. ఆమె ఫోన్ నా దగ్గరే ఉంది. పొద్దున రొట్టెలు కాలుస్తుంటే మోగింది.

"మామా, గాడీ ఫస్ గయీ" అన్నాడు ఎవరో, బండి ఇరుక్కుందని హిందీలో. గల్ఫ్‌లో యజమానురాలిని మామా అంటారు. ఎక్కడ అని అరబ్బీలో అడిగాను. అతనికి అర్థం కాలేదు. ఫోను పక్కకు పెట్టి తనలో తాను గొణుక్కోవడం వినిపించింది.

"థూ, గీమెకు ఏం సమజైతలేదు. నా కర్మ."

"సమజైంది తమ్మీ. ఏడున్నవో చెప్పు" అన్నాను.

ఫోను మళ్లీ చెవి దగ్గరికి వచ్చిన చప్పుడు వినిపించింది.

"అక్కా... తెలుగామెవా?"

"చిన్నకోడూరు."

"ఓ యవ్వ! నాది పక్కనే కోహెడక్కా! ఎల్లయ్య నా పేరు. తిట్టింది మనసుల పెట్టుకోకు."

నవ్వాను. నా గొంతు నాకే కొత్తగా తోచింది. తెలుగు మాట్లాడి చాలా రోజులైంది. మేకలతో మాట్లాడేదాన్ని కానీ, వాటితో కూడా అరబ్బీయే. వాటికి అదే అలవాటు.

ఎల్లయ్య నీళ్ల ట్యాంకర్ డ్రైవరు. లోపలి దిబ్బల్లో అతని యజమాని ఒంటెల మంద ఉంది. మందను చూసుకునేది నూర్ చాచా అనే ఒక ముసలాయన, బంగ్లాదేశ్ మనిషి. ఆయన ఒక్కడే ఉంటాడు. అక్కడ ఫోను పనిచేయదు. వారానికోసారి ఈ ట్యాంకర్ పోతేనే ఆయనకు, ఒంటెలకు నీళ్లు. శుక్రవారం తప్పకుండా వస్తానని ఎల్లయ్య చెప్పాడట. పంపు చెడిపోయి ఆగిపోయాడు. ఇప్పుడు ఆదివారం. సగం దారిలో ట్యాంకర్ దిగబడింది. దిబ్బ ఎక్కితే సిగ్నల్ దొరికింది.

"ముసలాయన కాడ నీళ్లు అడుగంటినయో ఏమో అక్కా. గీ ఎండల..." అన్నాడు. అంతవరకూ ఉన్న హుషారు గొంతులో లేదు.

పికప్‌లో తాడు, పారలు, రికవరీ బోర్డులు వేసుకున్నాను. చక్రాల కింద పరిచే గట్టి ప్లాస్టిక్ పలకలు ఆ బోర్డులు. వెనక ఖాళీ నీలం డ్రమ్ములు ఎప్పుడూ కట్టే ఉంటాయి. బయల్దేరాను.

ట్యాంకర్ దగ్గరికి చేరి, దిగి చూశాను. నాలుగు చక్రాల చుట్టూ మోకాలి లోతు గుంతలు. బండి పొట్ట ఇసుక మీద ఆనుకుని కూర్చుంది. గుంతలో నుంచి ఎల్లయ్య తల పైకి లేచింది. ముప్పై దాటిన మనిషి, బక్కగా, గడ్డం నిండా ఇసుక.

"గిదేంది తమ్మీ, బాయి తవ్వుతున్నవా?"

"కింద తడి తగుల్తదని తవ్విన అక్కా. ఎంత తవ్వినా పొడే వస్తుంది."

అప్పుడర్థమైంది. ఈ పనికి రాకముందు అతను మా వైపు వాగుల్లో ఇసుక ట్రాక్టర్ తోలాడు. మా వాగుల్లో ఇసుక పైన పొడిగా ఉన్నా, జానెడు తవ్వితే తడి. మూరెడు తవ్వితే చెలిమలో నీళ్లూరినట్టు ఊరుతాయి. ట్రాక్టర్ దిగబడితే చక్రాల ముందు తడి దాకా తవ్వి, ఆ గట్టినేల మీద పట్టు దొరకగానే లాగించేస్తారు. ఇక్కడా అదే చేశాడు. ఎడారి ఇసుకకు కింద గట్టినేల ఉండదు. తవ్వినకొద్దీ బండి తన బరువుతోనే దిగిపోతుంది.

"టైర్ల గాలెంతుంది?"

"ఫుల్లు కొట్టిచ్చిన. లోడు బండాయె."

"శానా మంచి పని చేసినవ్."

"ఎక్కిరియ్యకక్కా. ఇసుకల పుట్టి పెరిగినోణ్ణి నేను. గీ ఇసుక మన ఇసుక లెక్క లేదు. దీనికి మానం లేదు, మర్యాద లేదు."

నవ్వు వచ్చింది కానీ నవ్వే సమయం కాదు. ట్యాంకు నిండుగా ఉంది. అంత బరువును నా పికప్ లాగలేదు. లాగితే తాడన్నా తెగుతుంది, కొక్కెమన్నా ఊడి తుపాకీ గుండులాగా వస్తుంది. బరువు తగ్గాలి.

"సగం నీళ్లు ఇడిసిపెడుదమా?" అన్నాడు ఎల్లయ్య. తన మాట తనకే నచ్చలేదు. గొట్టం మీద చెయ్యి వేసి మళ్లీ తీసేశాడు.

నేను పికప్ వెనక డ్రమ్ముల వైపు చూశాను. "ఇసుకల ఎందుకు పోసుడు? డ్రమ్ములల్ల పట్టు. ముందు నేను చాచాకు ఇచ్చొస్త. తిరిగొచ్చి మళ్ల నింపుకపోత. గట్ల నాలుగుమాట్లు తిరిగితే ట్యాంకు తేలికైతది. అప్పుడు గుంజుదం."

"నాలుగుమాట్లా? అక్కా, మాపటీలి సేటు ఫోన్ చేస్తడు. బండి గిట్ల పన్నదని తెలిస్తే రేపే నన్ను ఇంటికి తోల్తడు. ముందు నన్ను గుంజు. తర్వాత నీళ్లు నేనే తీస్కపోత."

"ముందు నిన్ను గుంజాల్నంటే పొద్దంతా తవ్వాలె. గాయినకు నీళ్లెప్పుడు?"

"నువ్వు నన్ను గుంజుడికి వచ్చినవా, నీళ్లు మోసుడికి వచ్చినవా?"

గొట్టం తీసి డ్రమ్ములో పెట్టాను. ఎల్లయ్య కాసేపు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత వచ్చి తనే కుళాయి తిప్పాడు. డ్రమ్ములు నిండుతుంటే దారి చెప్పాడు. జంట దిబ్బల నడుమ నుంచి పోవాలి, ముళ్లచెట్ల గుంపు దాటాలి, కొస మీద తుప్పు పట్టిన పీపా కనిపిస్తుంది, అక్కడి నుంచి చూస్తే చాచా రేకుల గుడిసె.

"పీపా కాడికి పోయినంక హారన్ కొట్టక్కా. ఒంటెలు ఉరికొస్తయ్, ముసలాయన కంటె ముందు."

నీళ్ల బరువుతో పికప్ ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. వెనక అద్దంలో ఎల్లయ్య చిన్నవాడై, దిబ్బ అడ్డం వచ్చి మాయమయ్యాడు. ఆ తర్వాత నేనొక్కదాన్నే. ఎడారిలో ఒంటరిగా నడపడం నాకు కొత్త కాదు, కానీ అలవాటు కూడా కాలేదు. ఇంజను ఆపితే చెవుల్లో మన నెత్తురు చప్పుడు మనకే వినిపిస్తుంది. అందుకే నేను ఇంజను ఆపేదాన్ని కాదు.

పీపా దగ్గర హారన్ కొట్టాను. ఏదీ రాలేదు.

కిందికి పోయి చూస్తే గుడిసె ఖాళీ. ఒంటెల దొడ్డి ఖాళీ. ఒక చాప, ఒక గిన్నె, మేకుకు వేలాడుతున్న చొక్కా. మూలన ఉన్న డ్రమ్ము మూత తీశాను. నీళ్లు ఉన్నాయి. మోచేయి దాకా చెయ్యి పెడితే తగిలాయి. పొదుపుగా వాడుకుంటే మనిషికీ, కొన్ని ఒంటెలకూ ఇంకో రెండు రోజులు గడుస్తుంది. మరి నీళ్లు ఉంచుకుని, గుడిసె నీడ వదిలి, ఈ ఎండలో మనిషి ఎటు పోయినట్టు? నాకు అర్థం కాలేదు.

గుడిసె వెనక అడుగులు కనిపించాయి. ఒక మనిషి చెప్పుల జాడ, దాని వెంట ఒంటెల జాడ. ఎల్లయ్య వచ్చే దారి వైపు పోలేదు. సూటిగా పడమటికి, తారురోడ్డు ఉండే దిక్కుకు. రోడ్డు ఆ దిక్కున ఉన్న మాట నిజమే కానీ, నడుమ ఎన్ని దిబ్బలున్నాయో నడిచి దాటినవాళ్లు ఎవరూ చెప్పలేదు. ఆయన నేను వచ్చేలోపు తిరిగొస్తే తెలియాలని, తెచ్చిన డ్రమ్ముల్లో ఒకదాన్ని తలుపు ముందుకు దొర్లించి, నా ఎర్ర చున్నీ దానికి కట్టాను.

జాడ పట్టేటప్పుడు దాని మీద బండి పోనివ్వకూడదు. చెరిగిపోతే మళ్లీ దొరకదు. జాడను ఎడమ పక్కన ఉంచుకుని మెల్లగా నడిపాను. గాలి లేచింది. దిబ్బల కొసల్లో ఇసుక పొగలాగా ఎగురుతోంది. చెప్పుల జాడ మసకబారుతోంది. ఒంటె పాదం లోతుగా దిగుతుంది కాబట్టి అదే మిగిలింది. ఒకచోట మనిషి కూర్చున్న గుర్తు. ఇంకొంచెం దూరంలో మళ్లీ కూర్చున్న గుర్తు. కూర్చున్న చోట్లు దగ్గర దగ్గరగా వస్తున్నాయి.

చివరికి ఒక పెద్ద దిబ్బ కొస మీద ఆపాల్సి వచ్చింది. జాడ అవతలి వాలు మీదుగా కిందికి దిగిపోయింది. నిలువునా స్లిప్ ఫేస్. కింద లోయలాంటి జాగ, దాని ఆవలి పక్క వంపు తిరిగి కనపడకుండా పోయింది. దిగితే పికప్ పైకి రాదు. నన్ను తీయడానికి ఇంకో బండి లేదు. నేనెక్కడున్నానో తెలిసినవాడు ఒక్క ఎల్లయ్య, వాడి బండి గుంతలో ఉంది. దిగకపోతే, కింద ఎక్కడో ముసలాయన. పిలిచాను. నా కేక గాలిలో నాలుగు బారలు కూడా పోలేదు.

అప్పుడు హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. పొడుగ్గా మూడుసార్లు. ఆగాను. మళ్లీ మూడుసార్లు. ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. చెయ్యి నొప్పెట్టి మార్చుకున్నాను.

లోయ వంపులో నుంచి ఒక ఒంటె తల బయటికి వచ్చింది. చెవులు నిక్కబొడుచుకుని చూసింది. దాని వెనక ఇంకోటి. హారన్ మోగితే నీళ్లబండి వచ్చినట్టని వాటికి తెలుసు. దిబ్బ మెడ తిరిగి, ఎక్కగలిగే పక్క వెతుక్కుని, గునగునా నడుస్తూ నా వైపు వచ్చేస్తున్నాయి. అన్నిటికన్నా వెనక ఒక ఒంటె మెల్లగా వస్తోంది. దాని మెడ తాడు చేతికి చుట్టుకుని, దాని వెంట దాదాపు ఈడ్చుకుంటూ ఒక మనిషి.

నూర్ చాచా పికప్ నీడలో కూలబడ్డాడు. తెల్లటి చిన్న గడ్డం, పగిలిన పెదాలు. గ్లాసు నోటికి పెట్టాను. గుక్కెడు తాగి, చెయ్యెత్తి ఆపి, ముందు ఒంటెలకు పెట్టమని సైగ చేశాడు. పెట్టాను. ఆ తర్వాత మెల్లగా, కొంచెం కొంచెంగా తాగాడు. ఆయనది బంగ్లా కలిసిన హిందీ. మాది సిద్దిపేట ఉర్దూ. సరిపోయింది.

"చాచా, డ్రమ్ముల నీళ్లున్నయి గదా. గుడిసెల ఉండక ఎందుకొచ్చినవ్?"

ఆయన పక్కనున్న ఒంటె మెడ నిమిరాడు.

"నీళ్లున్నయి బేటీ. మనిషే రాలేదు" అన్నాడు. "శుక్రవారం వస్తనన్నడు. పొద్దుగూకేదాక కొస మీద నిలబడ్డ. శనివారం నిలబడ్డ. అప్పుడనిపిచ్చింది, నేను గీడ ఉన్న సంగతి అందరు మర్చిపోయిండ్రని. ఒకపారి పోయి కనపడొద్దామని నడిచిన."

పంపు చెడిపోయి ఎల్లయ్య ఆగిపోయాడని, ఇప్పుడు దారిలో ట్యాంకర్ దిగబడిందని, అతను మర్చిపోలేదని, ఫోన్లోనే నీ మాట ఎత్తాడని చెప్పాను. "పంపు చెడిపోయిందా?" అని రెండుసార్లు అడిగాడు. పంపు చెడిపోవడం ఎంత మంచి వార్తో ఆయన ముఖంలో అప్పుడు చూశాను.

ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి గుడిసెకు తెచ్చాను. కిటికీలోంచి తల బయటపెట్టి దారి పొడుగునా ఒంటెలను పిలుస్తూనే ఉన్నాడు. అవి మా వెనకే వచ్చాయి.

ఆ తర్వాత అనుకున్నట్టే చేశాం. ఇంకో మూడుసార్లు తిరిగాను. ట్యాంకు సగానికి పైగా తగ్గింది. బండి పొట్ట కింది ఇసుక లాగేశాం. చక్రాల గాలి తీశాం. వాటి ముందు వాలుగా దారి చేసి బోర్డులు పరిచాం. కైనెటిక్ రోప్ కట్టాం. అది రబ్బరులాగా సాగే తాడు. ఒక్కసారిగా గుంజకుండా, సాగి, తిరిగి దగ్గరికి వచ్చే బలంతో బండిని లేపుతుంది.

"రేస్ ఇయ్యకు. మెల్లగ. నా బండి కదిలినంకనే కదులు" అన్నాను.

"నువ్వు మా వాగుల పుట్టాల్సిందక్కా" అన్నాడు ఎల్లయ్య.

"పుడితే నీ లెక్క బాయిలే తవ్వుదును."

మూడో గుంజుకు ట్యాంకర్ పైకి లేచింది. పొద్దు దిబ్బల మీదికి వాలింది. సిగ్నల్ కోసం ఇద్దరం దిబ్బ ఎక్కేసరికి అతని యజమాని ఫోన్ చేశాడు. నీళ్లు చేరాయా అని అడిగాడు, చేరాయని ఎల్లయ్య చెప్పాడు. ఒంటెలన్నీ బాగున్నాయా అని అడిగాడు, బాగున్నాయని చెప్పాడు. అంతటితో పెట్టేశాడు. ఎల్లయ్య ఫోను జేబులో పెట్టుకుని, "చాచా ఎట్లున్నడని అడుగలే" అన్నాడు. కొలువు మిగిలినందుకు సంతోషించాల్సినవాడు, ఇసుకను కాలితో తన్నాడు.

మిగిలిన నీళ్లతో ఇద్దరం రెండు బండ్లూ చాచా దగ్గరికి తీసుకుపోయాం. ఎల్లయ్య దిగీ దిగగానే కేకలేశాడు. "ఏడికి పోతివి చాచా? పిల్లగానివా నువ్వు? జరసేపు ఆగలేవా?" కేకలేస్తూనే ముసలాయన కాళ్లకు అంటిన ఇసుక తన తువ్వాలతో తుడిచాడు. చాచాకు తెలుగు రాదు. అయినా తలూపుతూ నవ్వుతున్నాడు.

బయల్దేరేముందు చాచా అడిగాడు, మళ్లీ ఎప్పుడని. ఎల్లయ్య నోట్లోంచి "శుక్రవారం పక్కా" అనే మాట సగం వచ్చింది. నేను మోచేత్తో పొడిచాను. అతను మాట మార్చి హిందీలో చెప్పాడు. "బండి నడిస్తే శుక్రవారం వస్త. నడవకుంటే అక్కకు ఫోన్ చేస్త. అక్క పీపా కాడికి వచ్చి హారన్ కొడ్తది. హారన్ ఇనిపిస్తే, నీళ్లు ఆలస్యమైతయి గాని నువ్వు మాకు యాదికున్నవని."

చాచా నా వైపు చూశాడు. నేను ఒప్పుకున్నాను. నేను అక్కడ ఉన్నంతకాలం అట్లా రెండుసార్లు పోవాల్సి వచ్చింది. పీపా దగ్గర ఆగి మూడు హారన్లు కొట్టేదాన్ని. కింద గుడిసె నుంచి ఆయన తువ్వాల ఊపేవాడు. అంత దూరం పోయి, దిగకుండానే తిరిగొచ్చేదాన్ని.

రికవరీ అంటే తాడు, బోర్డులు, బలం అనుకుంటూ వచ్చాను. దిగబడిన బండికి అవతల ఇంకో మనిషి దిగబడి ఉంటాడని ఆ రోజు తెలిసింది. వాళ్లకు ఎవరో బయల్దేరారన్న కబురు చేరితే, నీడలో ఉండిపోతారు. చేరకపోతే నీళ్లు పక్కనున్నా లేచి నడుస్తారు.

అప్పటి నుంచి ఎవరు ఫోన్ చేసినా, బండి ఎక్కడుందో తెలుసుకోగానే ఇంకో మాట అడిగేదాన్ని. "మీ కోసం ఎవరు చూస్తున్నారు? వాళ్లకు చెప్పారా?" విదేశీయులు నవ్వి హోటల్ పేరు చెప్పేవారు. డ్రైవర్లు తడుముకుని ఎవరిదో నంబరు ఇచ్చేవారు. నేనే ఫోన్ చేసి చెప్పేదాన్ని. అప్పుడప్పుడు ఒకరు, కొంచెం ఆగి, నా కోసం చూసేవాళ్లు ఎవరూ లేరు అనేవారు. వాళ్ల దగ్గరికి నేను రొట్టె కూడా పెనం మీదే వదిలేసి పోయేదాన్ని.